దేవుడి పాటకి ఒక గొంతు, ఒక హార్మోనియం చాలు

మన ఊళ్ళో ఇప్పుడు దేవుడి పాట మనుషులు పాడటం లేదు. పెన్‌డ్రైవ్ పాడుతోంది. ఇది కోపంగా రాస్తున్న మాటే, కానీ అబద్ధం మాత్రం కాదు. శ్రీరామనవమి పందిరి చూడండి, క్రిస్మస్ కార్యక్రమం చూడండి, మన బడి వార్షికోత్సవంలో ప్రార్థన గీతం చూడండి. అన్నిచోట్లా ఒకటే పద్ధతి. సౌండు బాక్సులవాళ్ళ అబ్బాయి ఒక బటన్ నొక్కుతాడు. ఎక్కడో స్టూడియోలో ఎవరో వాయించిన మ్యూజిక్ మోగుతుంది. స్టేజి మీద ఆరుగురు పిల్లలు మైకులు పట్టుకుని పెదవులు కదుపుతారు. అందులో నాలుగు మైకులు పనిచేయవు. పనిచేయకపోయినా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు.

అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఎవరికి? పాడినవాళ్ళకా, బాక్సులకా?

నేను అడిగేదేంటో ముందే చెప్పేస్తాను. మన పండగల్లో, మన బడి కార్యక్రమాల్లో ఒక అరగంట పక్కన పెట్టండి. ఆ అరగంటలో ఒక హార్మోనియం, ఒక గొంతు, కావాలంటే ఒక మైకు. అంతే. ట్రాకు వద్దు, కీబోర్డు ప్యాడ్ వద్దు, డ్యాన్సు వద్దు. ఒక మనిషి కూర్చుని దేవుడి మీద పాట పాడితే మిగతావాళ్ళు కూర్చుని వినాలి. ఇది పాతకాలపు కోరిక అని నవ్వేవాళ్ళు ఈ వ్యాసం చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

ముందు ఈ హార్మోనియం సంగతి కొంచెం తెలుసుకుందాం. క్రైస్తవ దేశాల్లో పెద్ద పెద్ద చర్చిల్లో ఆర్గాన్ ఉంటుంది. గోడంత ఎత్తున గొట్టాలు నిలబెట్టి, వాటిలోకి గాలి పంపించి మోగిస్తారు. మెట్టు నొక్కితే ఆ మెట్టుకి సంబంధించిన గొట్టంలోకి గాలి వెళ్తుంది. అక్కడ ఆర్గాన్‌తో కలిసి ఒక్క గాయకుడో, గాయనో దేవుడి పాటలు పాడే సభలు వందల ఏళ్ళుగా జరుగుతున్నాయి. బాఖ్ అనే మహా సంగీతకారుడు (1685–1750) గొప్ప ఆర్గాన్ విద్వాంసుడు. 1723 నుంచి చనిపోయేదాకా జర్మనీలోని లైప్‌జిగ్‌లో చర్చి సంగీతం చూసుకున్నాడు.

కానీ అన్ని గొట్టాల ఆర్గాన్ కొనడం, దాన్ని నిలబెట్టడం చిన్న ఊళ్ళ చర్చిలకి అయ్యే పని కాదు. అందుకే గొట్టాలు లేకుండా, సన్నటి ఇత్తడి రీడ్ల మీదుగా గాలి పంపించి స్వరం పుట్టించే చిన్న వాయిద్యాలు తయారుచేశారు. 1840ల్లో ప్యారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ తను చేసిన అలాంటి వాయిద్యానికి హార్మోనియం అని పేరు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని కాళ్ళతో తొక్కుతూ, కుర్చీలో కూర్చుని రెండు చేతులతో వాయించాలి. మన నాటకాలవాళ్ళు లెగ్ హార్మోనియం అన్నది ఆ జాతిదే. అదే శతాబ్దం చివరి భాగంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కింద కూర్చుని వాయించేలా మార్చాడు. వెనక తిత్తి, ముందు మెట్లు. ఎడమ చెయ్యి తిత్తి ఊదుతుంది, కుడి చెయ్యి మెట్ల మీద నడుస్తుంది. కొలిమి తిత్తి చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అంటే మన రామమందిరంలో ఉన్న పెట్టె, పెద్ద చర్చిలో ఉన్న ఆర్గాన్ ఒకే కుటుంబం. ఒకటి పెద్దన్న, ఒకటి చిన్న చెల్లెలు.

చిన్నదని చులకన చేయకండి. ప్యారిస్‌లో సెయింట్ క్లోటిల్డ్ చర్చిలో ముప్పై ఏళ్ళకు పైగా ఆర్గాన్ వాయించిన సీజర్ ఫ్రాంక్ తన ఆఖరి రోజుల్లో హార్మోనియం కోసం ప్రత్యేకంగా చిన్న చిన్న రచనలు చేశాడు. అంత పెద్ద ఆర్గాన్ చేతిలో ఉన్న మనిషికి ఈ పెట్టె తక్కువది అనిపించలేదు. మనకెందుకు అనిపిస్తోంది?

ఇక నా వాదన చెప్తాను. మొదటి మాట శ్రుతి గురించి.

ట్రాకుకి ఒకటే శ్రుతి ఉంటుంది. అది ఎవరో సినిమా గాయకురాలి గొంతుకి సరిపోయేలా చేసినది. మన బడిలో ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి మగపిల్లల్ని అడగండి. వాళ్ళ గొంతులు మారే వయసు ఇది. నిన్న పాడిన పైస్థాయి ఇవాళ అందదు. ట్రాకు వాళ్ళ కోసం ఒక్క మెట్టు కూడా కిందకి దిగదు. (దిగేలా చెయ్యవచ్చు అని కంప్యూటర్ తెలిసినవాళ్ళు అంటారు, కానీ కార్యక్రమం రోజు అలా ఎవరూ చెయ్యరు.) అందని పిల్లవాడు నోరు మూసుకుంటాడు. మళ్ళీ జీవితంలో పాడడు. నా తరగతిలోనే అలా మానేసినవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళకి గొంతు లేక కాదు, వాళ్ళ గొంతుకి తగిన శ్రుతి ఎవరూ ఇవ్వక.

హార్మోనియం దగ్గర కూర్చున్న పెద్దాయన ఏం చేస్తాడు? "ఏదీ, ఒకసారి స అను" అంటాడు. పిల్ల ఎక్కడ అంటే అక్కడ మెట్టు పట్టుకుంటాడు. ఆడపిల్లకి అయిదున్నర కావాలంటే అయిదున్నర, గొంతు మారుతున్న పిల్లాడికి ఒకటిన్నర కావాలంటే ఒకటిన్నర. ఒక స్థాయిలో పన్నెండు మెట్లుంటాయి, ఏడు తెల్లవి, అయిదు నల్లవి. పన్నెండింట్లో దేన్నయినా స చేసుకోవచ్చు. అంటే ఆ పెట్టె పన్నెండు రకాల మనుషుల కోసం సిద్ధంగా ఉంది. ట్రాకు ఒక్క మనిషి కోసమే ఉంది, ఆ మనిషి మన ఊళ్ళో లేదు. గొంతు వెంట వాయిద్యం నడవాలా, వాయిద్యం వెంట గొంతు పరిగెత్తాలా? మీరే చెప్పండి.

రెండో మాట ఊపిరి గురించి. మా క్యాంపులో పోయినేడు ఒక పెద్దావిడ చనిపోతే రాత్రి భజన జరిగింది. కరెంటు లేదు. హార్మోనియం తెచ్చి వసారాలో పెట్టారు. పాడుతున్న ఆవిడకి మధ్యలో ఏడుపు వచ్చి ఆగిపోయింది. హార్మోనియం తాతయ్య ఆపలేదు, ముందుకీ వెళ్ళలేదు. అదే స్వరం మీద తిత్తి మెల్లగా ఊదుతూ ఆవిడ కోసం ఆగాడు. ఆవిడ తేరుకుని అదే చరణం మళ్ళీ ఎత్తుకుంది. ట్రాకు అయితే ఏం చేసేది? ఆవిడ ఏడుస్తుండగానే తర్వాతి చరణంలోకి వెళ్ళిపోయేది. దానికి దుఃఖం తెలియదు. ప్రార్థన అంటేనే మనిషి దుఃఖాన్నీ సంతోషాన్నీ దేవుడి ముందు పెట్టుకోవడం కదా, అవి తెలియని యంత్రానికి ఆ పని ఎలా అప్పగిస్తాం?

మూడో మాట మాటల గురించే. మనం కర్ణాటకలో ఉన్న తెలుగువాళ్ళం. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయింది. ఎడమ కాలువకి నీళ్ళు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి మన పెద్దలు ఈ రాయచూరు జిల్లాకి వచ్చి, భూములు చదును చేసుకుని, క్యాంపులు కట్టుకున్నారు. బియ్యం మూటలతో పాటు పాటలు కూడా తెచ్చుకున్నారు. బజారులో, బస్సులో, బ్యాంకులో మనకి కన్నడం కావాలి, అది మన అన్నం పెట్టే భాష, నాకు ఇష్టమైన భాష కూడా. కానీ తెలుగు పెద్ద పెద్ద మాటలు మేము ఎక్కడ వింటాం? పాఠ్యపుస్తకంలో కొన్ని. మిగతావి దేవుడి పాటల్లోనే. మా మామ్మ బడికి వెళ్ళలేదు. కానీ ఆవిడకి తెలిసిన తెలుగు మాటల్లో సగం నాకు తెలియవు. అవన్నీ కీర్తనల్లో నేర్చుకున్నవే. బాక్సుల మోతలో మాట వినపడదు. మాట వినపడకపోతే అర్థం అడగాలని కూడా పిల్లలకి తోచదు. ఒక్క గొంతు నిదానంగా పాడితే పక్కన కూర్చున్న పిల్ల "మామ్మా, ఆ మాటకి అర్థమేంటి?" అని అడుగుతుంది. తెలుగు మీడియం బడి పెట్టుకున్నది దీనికోసమే కదా!

నాలుగో మాట చప్పుడు గురించి. శ్రీరామనవమి వచ్చేది మాకు ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షల రోజుల చుట్టూనే. చప్పుడు కాలుష్యం గురించి 2000వ సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. పండగలకి కొన్ని రోజులు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు, అదీ అర్ధరాత్రి 12 దాకానే. ఇవన్నీ మనకి తెలియవా? తెలుసు. పాటించం. హార్మోనియం పాటకి ఈ గొడవే లేదు. దేవుడికి చెవుడు లేదు. మన పక్కింటి పసిపాపకీ, గుండెజబ్బు ఉన్న తాతయ్యకీ కూడా చెవులున్నాయి.

ఇప్పుడు ఎదుటివాళ్ళ మాటలకి జవాబు చెప్తాను. లేకపోతే నేను ఒకవైపే మాట్లాడానంటారు.

"హార్మోనియం కూడా పరాయి వాయిద్యమే, మన సంగీతానికి అది పనికిరాదు" అని కొంతమంది చదువుకున్నవాళ్ళు అంటారు. ఈ మాట కొత్తది కాదు. రవీంద్రనాథ్ ఠాగూరుకి హార్మోనియం నచ్చలేదు. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. మూడు దశాబ్దాలు! వాళ్ళ కారణం తేలిగ్గా తీసేసేది కాదు. హార్మోనియం మెట్లు ఒక్కో స్వరం దగ్గర బిగించి ఉంటాయి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గొంతు జారినట్టు అది జారలేదు. మన రాగాల్లో గమకం ప్రాణం. ఆ గమకం ఆ పెట్టెలో లేదు. నిజమే, ఒప్పుకుంటాను.

అయితే నేను హార్మోనియం ఒక్కదాన్నే అడగలేదు. హార్మోనియం, గొంతు రెండూ అడిగాను. గమకం గొంతు పాడుతుంది. హార్మోనియం కింద నిలబడి శ్రుతి పడుతుంది, దారి తప్పినప్పుడు చెయ్యి పట్టుకుంటుంది. నిచ్చెనకి గోడ ఎలాగో పాటకి పెట్టె అలాగ. గోడ ఎక్కదు, కానీ గోడ లేకపోతే నిచ్చెన నిలబడదు. అందుకే రేడియోలో నిషేధం ఉన్న రోజుల్లో కూడా పల్లెల్లో హార్మోనియం ఆగలేదు. భజన మండలిలో మోగింది, చర్చిలో మోగింది, దర్గా దగ్గర ఖవ్వాలీలో మోగింది, సురభివాళ్ళ నాటకాల్లో మోగింది.

ఇంకో విషయం. 2022లో సిక్కుల అకాల్ తఖ్త్ కూడా స్వర్ణ దేవాలయంలో హార్మోనియాన్ని మూడేళ్ళలో మెల్లగా తగ్గించమని చెప్పింది. ఎందుకంటే రబాబ్ లాంటి పాత తీగల వాయిద్యాలు మళ్ళీ రావాలని. అంటే వాళ్ళ గొడవ ఏ వాయిద్యం మనిషి గొంతుకి ఇంకా దగ్గరగా ఉంటుంది అన్న గొడవ. మనం ఆ గొడవ కూడా పడటం లేదు. మనం ఏకంగా వాయించే మనిషినే తీసేశాం. హార్మోనియం కంటే తంబురా మేలు అని ఎవరైనా అంటే నాకు సంతోషమే, తంబురా తెండి, నేను తోడుగా కూర్చుంటాను. హార్మోనియం పరాయిది అని చెప్పి చైనా కీబోర్డూ, పెన్‌డ్రైవూ పెడితే మాత్రం ఒప్పుకోను.

"ఒక్కరే పాడితే బోరు కొడుతుంది, జనం కూర్చోరు" అనేది రెండో మాట. మన జిల్లా పెద్దల్ని ఒక్కసారి గుర్తు చేసుకుందాం. విజయదాసరు పుట్టింది మాన్వి వైపున ఉన్న చీకలపర్విలో. జగన్నాథదాసరు ఉన్నది మాన్విలో. ఈ హరిదాసులు తంబురా పట్టుకుని ఒక్క గొంతుతో కన్నడంలో పాడుకుంటూ తిరిగారు. వాళ్ళ పాటలు రెండు వందల ఏళ్ళు దాటినా మన పక్కింటి కన్నడ అవ్వల నోట్లో ఇప్పటికీ ఉన్నాయి. తెలుగు వైపు చూస్తే తిరువయ్యూరులో త్యాగరాజస్వామి వీధుల్లో ఉంఛవృత్తి చేస్తూ పాడాడు. క్రైస్తవుల్లో పురుషోత్తమ చౌదరి (1803–1890) పల్లవి, చరణాలతో, మన రాగాలతో, తాళాలతో యేసు మీద తెలుగు కీర్తనలు రాశాడు. అవి ఇప్పటికీ చర్చిల్లో పాడుతున్నారు. వీళ్ళెవరికీ సౌండు బాక్సులు లేవు. జనం బోరు కొట్టి లేచిపోయి ఉంటే ఆ పాటలు మనదాకా వచ్చేవా? పోయినేడు పండక్కి డీజేలో మోగిన పాట పేరు ఇప్పుడు ఎవరైనా చెప్పండి చూద్దాం.

జనం కూర్చోవడం మానలేదు. కూర్చోబెట్టడం మనం మానేశాం. వినడం కూడా అలవాటే. ఎడ్లకి కాడి అలవాటు చేసినట్టు చెవికి నెమ్మది అలవాటు చెయ్యాలి. మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట.

"ఇప్పుడు నేర్పేవాళ్ళు ఎవరున్నారు?" అనేది మూడో మాట. దీనికే నాకు ఎక్కువ భయం. ఎందుకంటే ఇందులో నిజం ఉంది. మా క్యాంపులో హార్మోనియం బాగా వాయించగలిగినవాళ్ళు ఇప్పుడు ఒక్కరే. ఆయన వయసు డెబ్భై దాటింది. చేతివేళ్ళు వణుకుతున్నాయి కానీ మెట్టు మీద పడితే వణకవు. ఆయనకి రాత పుస్తకం లేదు, రికార్డింగు లేదు. వందకు పైగా పాటలు వేళ్ళలోనే ఉన్నాయి. "ఎవరైనా వస్తే నేర్పుతా, డబ్బులొద్దు" అంటారు. ఎవరూ వెళ్ళరు. సాయంత్రం ట్యూషన్ ఉంటుంది, సెల్‌ఫోన్ ఉంటుంది. ఆయన ఉన్నన్ని రోజులే మనకి గడువు. ఆ తర్వాత ఎంత డబ్బు పెట్టినా ఆ పాటలు దొరకవు. యూట్యూబులో వేరేవాళ్ళ పాటలుంటాయి, మన క్యాంపు పాటలు ఉండవు. అందుకే ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు అంటున్నాను. ట్రాకు వచ్చే ఏడు కూడా దొరుకుతుంది, పదేళ్ళ తర్వాత కూడా దొరుకుతుంది. ఆయన దొరకరు.

"డబ్బు ఎక్కడిది?" అంటారా? బాక్సులకి, జనరేటరుకి, లైటింగుకి చందా ఎత్తేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మన బడి స్టోర్‌రూములో విరిగిన బెంచీల కింద ఒక హార్మోనియం ఉంది. తిత్తి తోలు చిరిగింది, రెండు మెట్లు లేవడం లేదు, ఎలుకలు ఒక మూల కొరికాయి. రీడ్లు మాత్రం బాగానే ఉన్నాయని ఆ తాతయ్య చూసి చెప్పారు. ఒక్కసారి బాక్సులకి పెట్టే ఖర్చు తగ్గించుకుంటే అది బాగవుతుంది. బాగైతే ఆ పెట్టె మన తర్వాత చదివే పిల్లలకి కూడా పనికొస్తుంది. బాక్సుల అద్దె తెల్లారేసరికి పోతుంది.

నేను కొత్తవాటికి శత్రువుని కాను. నా ఫోనులో కూడా పాటలున్నాయి. పెళ్ళి ఊరేగింపులో డ్యాన్సు కావాలంటే ట్రాకు పెట్టుకోండి, నేనూ వచ్చి ఎగురుతాను. కానీ దేవుడి ముందు నిలబడినప్పుడు అద్దెకి తెచ్చిన గొంతుతో నిలబడకూడదు. మన తరఫున ఇంకొకరు పరీక్ష రాస్తే దాన్ని కాపీ అంటారు, బడి నుంచి పంపించేస్తారు. మన తరఫున పెన్‌డ్రైవ్ ప్రార్థన చేస్తే మాత్రం బహుమతి ఇస్తున్నాం!

చివరగా పెద్దలకు, మాస్టార్లకు, టీచర్లకు, తల్లిదండ్రులకు నా విన్నపాలు ఇవి.

మొదటిది, ఈ ఏడాదే మన బడి హార్మోనియం బాగు చేయించండి. తోలు, మెట్లు తుడిచే పని, మోసే పని మేము పిల్లలం చేస్తాం.

రెండోది, శనివారం సాయంత్రం ఒక గంట ఆ తాతయ్యని బడికి పిలవండి. తరగతికి ఇద్దరు చొప్పున పిల్లలు నేర్చుకోవాలి. ఆడపిల్లలకీ చోటు ఉండాలి, హార్మోనియం మగవాళ్ళ సొత్తు కాదు.

మూడోది, ఆయన పాడేవి, మామ్మలు పాడేవి నోటు పుస్తకంలో రాసుకుందాం, ఫోనులో రికార్డు చేసుకుందాం. అదే మన ఫోను చేయగల మంచి పని.

నాలుగోది, వచ్చే వార్షికోత్సవంలో అరగంట. రామమందిరం పాట ఒకటి, చర్చి పాట ఒకటి, దర్గా పాట ఒకటి, దాసర పదం ఒకటి. నలుగురు పిల్లలు, ఒక్కొక్కరు ఒక్కొక్కటి, ఒంటరిగా. వెనక ఒకే హార్మోనియం. ఆ పెట్టెకి మతం లేదు, ఎవరు స అంటే వాళ్ళకి మెట్టు ఇస్తుంది.

ఎవరైనా తప్పు పాడితే పాడనివ్వండి. గొంతు వణికితే వణకనివ్వండి. వణికే గొంతు మన పిల్లదే అని మనకి తెలుస్తుంది. పేర్లు ఇచ్చేవాళ్ళు పదో తరగతి గదిలో ఇవ్వండి. మొదటి పేరు నాది రాసేశాను.